క్రికెట్ మతమా, తిరునాలా?

2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు అనంతపురానికి వచ్చాయి. ఆర్డీటీ స్టేడియంలో ఇండియా-సి, ఇండియా-డి జట్లు ఆడుతుండగా ఒక అభిమాని సెక్యూరిటీని తప్పించుకుని మైదానంలోకి పరిగెత్తి, రుతురాజ్ గైక్వాడ్ కాళ్ళకు మొక్కాడు. రుతురాజ్ వయసు అప్పటికి 27. మన దగ్గర ఆ వయసు వాడి కాళ్ళకు మొక్కేది పెళ్ళిలో మామగారు ఒక్కరే, అదీ కాళ్ళు కడిగేటప్పుడు.

ఇలాంటిది జరిగినప్పుడల్లా వినిపించే మాట ఒకటే: మన దేశంలో క్రికెట్ ఒక మతం. పాత మతాల పట్టు సడలుతుంటే వాటి చోటును ఆటలు ఆక్రమిస్తున్నాయని సమాజ శాస్త్రవేత్తల్లో కొందరు యాభై ఏళ్ళుగా వాదిస్తున్నారు. ఈ రెండూ ఒకే మాటలా వినిపిస్తాయి గానీ, కావు. ఆట మతంలా ఉందనడం వేరు, మతం స్థానంలోకి వచ్చిందనడం వేరు. మొదటిదానికి సీమలో సాక్ష్యాలు బోలెడు. రెండోది మాత్రం ఇక్కడ నిలబడదు. ఎందుకు నిలబడదో చూస్తే అసలు ఆట చేస్తున్న పనేమిటో తెలుస్తుంది.

ముందు మతం అంటే ఏమిటో తేల్చుకోవాలి. దేవుడు ఉంటేనే మతం అనుకుంటే చర్చ అక్కడితో సరి. కానీ ఫ్రెంచి సమాజ శాస్త్రవేత్త ఎమిల్ దుర్ఖైమ్ 1912లోనే ఈ నిర్వచనాన్ని పక్కన పెట్టాడు. ఆయన యూదు మతగురువు కొడుకు, తను మాత్రం నాస్తికుడు. బౌద్ధంలో సృష్టికర్త లేడు కదా, అయినా దాన్ని మతమే అంటున్నాం కదా అన్నది ఆయన ప్రశ్న. ఆయన లెక్కలో మతానికి కావలసినవి ఇవి: కొన్ని వస్తువుల్ని, చోట్లని మిగతావాటి నుంచి విడదీసి పవిత్రంగా చూడటం, వాటి చుట్టూ నమ్మకాలు, ఆచారాలు ఉండటం, వాటిని పాటించేవాళ్ళంతా ఒకే కట్టుబాటు గల సమూహంగా నిలవడం.

దుర్ఖైమ్ ఆస్ట్రేలియా ఆదివాసుల గురించిన నివేదికలు చదివి ఈ సిద్ధాంతం కట్టాడు, అక్కడికి ఎప్పుడూ వెళ్ళలేదు. ఏడాదిలో ఎక్కువ కాలం ఆ జనం చిన్న చిన్న గుంపులుగా వేటకూ తిండికీ తిరుగుతుంటారు. ఎప్పుడో ఒకసారి అందరూ ఒకచోట చేరతారు. ఆ చేరడంతోనే ఒక ఊపు వస్తుంది. ఒకడి అరుపు ఇంకొకడికి అంటుకుని, ఒంటరిగా ఉన్నప్పుడు లేని బలమేదో తనలోకి దిగినట్టు ప్రతివాడికీ అనిపిస్తుంది. ఆ బలం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియక, ఎదురుగా ఉన్న తమ తెగ గుర్తుకు, అంటే ఏ కంగారూకో పక్షికో, ఆ శక్తిని అంటగడతారు. మనిషి మొక్కుతున్నది నిజానికి తన సమూహానికేనన్నది దుర్ఖైమ్ తేల్చిన మాట. ఒప్పుకున్నా లేకున్నా, జాతరలో పూనకం చూసినవాళ్ళకు ఆయన దేని గురించి మాట్లాడుతున్నాడో వెంటనే తెలుస్తుంది.

ఈ కొలత పట్టుకుని స్టేడియంలోకి వెళ్తే చాలావరకు సరిపోతుంది. బౌండరీ తాడు లోపలికి ప్రేక్షకుడు కాలు పెట్టకూడదు. 2013 నవంబరు 16న వాంఖడేలో చివరి టెస్టు ముగిశాక సచిన్ పిచ్ దగ్గరకు వెళ్ళి, వంగి దాన్ని తాకి నమస్కరించాడు. ఆయన వేసుకున్న 10వ నంబరు జెర్సీని 2017లో శార్దూల్ ఠాకూర్ వేసుకుంటే అభిమానులు ఊరుకోలేదు, ఆ తర్వాత ఎవరికీ ఇవ్వడం లేదు. ఇక మడి ఆచారాల సంగతి ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. వికెట్ పడకుండా ఉండాలని గంటన్నర సేపు కాలు కదపకుండా కూర్చున్న మామయ్య, తను చూస్తే అవుటవుతారని వంటింట్లోకి వెళ్ళిపోయే అత్తమ్మ లేని ఇల్లు లేదు. అర్జెంటీనా వాళ్ళు ఇంకో అడుగు ముందుకేశారు. 1998లో రొసారియో నగరంలో మారడోనా పేరున ఒక చర్చే పెట్టారు. ఆయన పుట్టిన 1960 నుంచి శకం లెక్కపెడతారు, అక్టోబరు 30న పండగ చేసుకుంటారు. సగం వేళాకోళమే, మిగతా సగం మాత్రం వేళాకోళంగా అనిపించదు.

ఆ ఊపు నిజంగా ఒంట్లో పుడుతుందా, లేక మనం ఊహించుకునేదా? దీన్ని కొలిచినవాళ్ళు ఉన్నారు. కొలిచింది మనకు బాగా తెలిసిన సందర్భంలోనే.

అనంతపురం జిల్లా నార్పల మండలం గూగూడులో పీర్ల పండగకు కుల్లాయిస్వామిని చూడటానికి వచ్చే జనంలో ఎక్కువ మంది హిందువులే. చక్కెర, బెల్లం చదివింపులు చేయిస్తారు. చివరిరోజు తెల్లవారుజామున గుండం తొక్కుతారు. పీరును ఎత్తుకున్నవాళ్ళు నిప్పుల మీదుగా వెళ్తుంటే చుట్టూ ఉన్న జనం, తాము నిప్పు తొక్కకపోయినా, ఊపిరి బిగబట్టి నిలబడతారు. తొక్కేవాడు అవతలికి చేరాక జనమంతా ఒక్కసారిగా గాలి వదులుతారు. దగ్గర నిలబడి వింటే ఆ శబ్దం వినపడుతుంది కూడా.

స్పెయిన్‌లో సాన్ పెద్రో మన్రికే అనే ఊళ్ళోనూ ఏటా జూన్‌లో ఒక రాత్రి ఇలాగే నిప్పులు తొక్కుతారు, అదీ వీపు మీద ఇంకో మనిషిని ఎక్కించుకుని. పరిశోధకులు అక్కడి జనానికి గుండె వేగం కొలిచే పరికరాలు కట్టి, ఫలితాలను 2011లో ప్రచురించారు. నిప్పుల మీద నడుస్తున్నవాడి గుండె వేగం ఎలా ఎక్కి దిగిందో, కదలకుండా నిలబడి చూస్తున్న అతని బంధువులు, స్నేహితుల గుండె వేగమూ అలాగే ఎక్కి దిగింది. ఊరితో ఏ సంబంధమూ లేకుండా చూడటానికి వచ్చిన కొత్తవాళ్ళ గుండెలు మాత్రం ఆ దారిన పోలేదు. అదే నిప్పు, అదే రాత్రి, అదే గుంపు. చూడటం ఒక్కటే సరిపోదు, నిప్పు మీద నడిచేవాడు ‘మనోడు’ అయి ఉండాలి.

బ్రెజిల్‌లో ఫుట్‌బాల్ అభిమానుల మీదా ఇలాంటి కొలతలు తీశారు. ఒక జట్టు అభిమానులు మ్యాచ్‌కు ముందు వీధిలో కాగడాలూ పొగా వెలిగించి ఆటగాళ్ళ బస్సుకు స్వాగతం పలుకుతారు. గోల్ పడిన క్షణాన్ని మినహాయిస్తే, వాళ్ళ గుండెలు ఎక్కువగా కొట్టుకున్నది ఆట చూస్తున్నప్పటి కంటే ఆ స్వాగతంలోనేనట. అంటే జనం వచ్చేది ఆట కోసం ఎంతో, ఒకచోట చేరడం కోసమూ అంతే. ఇంట్లో పెద్ద టీవీ ఉన్నా ఫైనల్ రోజున టీ కొట్టు ముందు నిలబడి చూసేవాడిని అడిగితే ఇదే చెప్తాడు, గుండెకు పరికరం కట్టక్కర్లేదు.

ఇంతవరకు పోలికలు. ఇక్కడ ఆగిపోతే ‘క్రికెట్ ఒక మతం’ అన్న మాటతోనే తృప్తి పడాలి. కానీ చరిత్ర చూస్తే ఇందులో ఆశ్చర్యపడటానికే పెద్దగా ఏమీ లేదు, ఎందుకంటే ఆట పుట్టిన ఇల్లే గుడి. గ్రీసులో ఒలింపియా పోటీలు జ్యూస్ దేవుడి ఉత్సవంలో భాగం. ఇంగ్లండ్‌లో ఎవర్టన్, సౌతాంప్టన్ లాంటి ఫుట్‌బాల్ క్లబ్బులు మొదలైంది చర్చి కుర్రాళ్ళ జట్లుగానే. 1887లో గ్లాస్గోలో సెల్టిక్ క్లబ్బును పెట్టిన క్రైస్తవ సన్యాసి ఉద్దేశం పేద పిల్లలకు అన్నం పెట్టడానికి డబ్బు పోగుచేయడం.

మన దగ్గరైతే ఆట గుడి ఇల్లు వదలనే లేదు. కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల్లో శివరాత్రికో ఉగాదికో ఊరి దేవుడి తిరునాలకో బండలాగుడు పోటీలు లేకపోతే ఆ తిరునాల చప్పగా ఉందంటారు. చూడనివాళ్ళ కోసం కాస్త చెప్తాను. పొలంలోనో ఊరి బయట ఖాళీ జాగాలోనో బాట గీస్తారు. పెద్ద బండరాయికి ఒంగోలు గిత్తల జతను కట్టి, ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగిందో టేపు పెట్టి కొలుస్తారు. గిత్తల పళ్ళను బట్టి విభాగాలు: పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు, ఆపైన సీనియర్లు. దిగేముందు గిత్తల నుదుట పసుపు, కుంకుమ, ముందర ఒక కొబ్బరికాయ. మైకులో చెప్పేవాడు ముందు ఊరి పేరు చెప్తాడు, ఆ తర్వాతే యజమాని పేరు. గిత్తలు మలుపు దగ్గర మొరాయిస్తే ఆ ఊరి నుంచి వచ్చిన ట్రాక్టర్ ట్రాలీలోని జనమంతా లేచి నిలబడతారు, చర్నాకోలు తమ చేతిలోనే ఉన్నట్టు భుజాలు ఆడిస్తారు. గూగూడు గుండం దగ్గర ఊపిరి బిగబట్టే జనం వీళ్ళే. ఇప్పుడివి యూట్యూబ్‌లో లైవ్ కూడా వస్తున్నాయి, గల్ఫ్‌కు పోయిన కుర్రాళ్ళు అక్కడి నుంచే కామెంట్లు పెడుతుంటారు.

ఈ పోటీల పోస్టరు ఎప్పుడైనా నిదానంగా చదవండి. మొదటి బహుమతి ఇచ్చేది ఫలానా నాయకుడు, రెండోది ఫలానా కాంట్రాక్టరు అంటూ ఆరు, ఏడు, ఒక్కోసారి ఎనిమిదో బహుమతి దాకా దాతల పేర్లు ఉంటాయి. దూరం నుంచి ఎడ్లను తోలుకొచ్చినవాడు ఉత్తచేతులతో పోకూడదన్న ఆలోచన అది.

ఇక ‘ప్రత్యామ్నాయం’ వాదం. అది పుట్టింది యూరపులో. అక్కడ ఆదివారం చర్చికి పోయేవాళ్ళు తగ్గిపోయారు, కొన్ని చర్చీలను ఇళ్ళుగా మార్చి అమ్మేశారు. అదే కాలంలో శనివారం స్టేడియాలు నిండాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాడికి ఒకదాని జనం ఇంకోదానికి పోయారని అనిపించడం సహజమే. మన దగ్గర ఆ లెక్క కుదరదు. తిరుమలకు రోజూ 60, 70 వేల మంది పోతున్నారు. ఒంటిమిట్ట కల్యాణానికి, కదిరి తేరుకు జనం తగ్గారని ఎవరూ అనడం లేదు. స్టేడియమూ నిండుతోంది, గుడీ నిండుతోంది. ఫైనల్‌కు ముందు గెలవాలని కొబ్బరికాయ కొట్టేవాడు గుడికే పోతాడు. పిల్లాడికి జ్వరం తగ్గకపోతే ఏ వీరాభిమానీ చిన్నస్వామి స్టేడియానికి ముడుపు కట్టడు. కష్టం, చావు, పెళ్ళి, పురుడు, ఈ నాలుగింటి దగ్గరకూ క్రికెట్ ఇంకా రాలేదు, వచ్చే ప్రయత్నమూ చేయడం లేదు.

మరి క్రికెట్ వచ్చి కూర్చున్నది ఎక్కడ? నాకు తోచినంతవరకు, తిరునాల చోటులో. మతం చేసే పనులు చాలా ఉన్నాయి, అందులో తిరునాల ఒకటి: పనులు లేని రోజుల్లో జనాన్ని ఒకచోట చేర్చడం, రెండు పక్షాలు కట్టించడం, అరిపించడం, తినిపించడం, ఇంటికి పంపడం. ఐపీఎల్ జరిగే రోజులు చూడండి. మార్చి చివర నుంచి మే దాకా. సీమలో కోతలు అయిపోయి, వాన కోసం ఎదురుచూస్తూ, ఊళ్ళల్లో తేర్లూ జాతరలూ జరిగే రోజులు అవే. బీసీసీఐ వాళ్ళు మన పంచాంగం చూసి పెట్టలేదు, విదేశీ ఆటగాళ్ళు దొరికే నెలలు చూసి పెట్టారు. అయినా బెంగళూరులో అపార్టుమెంటు కాపలాకో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికో పోయి ఊరి తిరునాలకు రాలేనివాడికి ఆ రెండు నెలలు రోజూ సాయంత్రం ఏడున్నరకు ఒక తిరునాల దొరుకుతోంది.

ఇక్కడే అసలు తేడా బయటపడుతుంది. మరో ఫ్రెంచి పండితుడు క్లాద్ లెవీ-స్ట్రాస్ 1962లో దీన్ని చక్కగా పట్టుకున్నాడు. ఆట మొదలయ్యేటప్పుడు రెండు పక్షాలూ సమానం: ఇద్దరికీ సున్నా, ఇద్దరికీ పదకొండు మంది. ముగిసేసరికి ఒకడు గెలిచినవాడు, ఇంకొకడు ఓడినవాడు. ఆచారం దీనికి తలకిందులు. మొదట్లో రెండు పక్షాలు వేరువేరుగా ఉంటాయి, ముగిసేసరికి ఒకటవుతాయి. దీనికి ఆయన చూపిన ఉదాహరణ న్యూగినీలోని గహుకు-గామా అనే తెగ. వాళ్ళకు ఫుట్‌బాల్ నేర్పారు. వాళ్ళు నేర్చుకున్నారు, ఆడారు. అయితే ఇరుపక్షాల గెలుపులూ సమానమయ్యేదాకా రోజుల తరబడి మ్యాచ్ మీద మ్యాచ్ ఆడుతూనే ఉండేవాళ్ళు. వాళ్ళు ఆటను ఆచారంగా మార్చేశారు.

న్యూగినీ దాకా పోనక్కర్లేదు. కర్నూలు జిల్లా ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మరుసటి రోజు పిడకల సమరం జరుగుతుంది. వీరభద్రస్వామి, కాళికాదేవి ప్రేమించుకున్నారని, పెళ్ళి దగ్గర తకరారు వచ్చిందని కథ. ఊరు రెండు పక్షాలవుతుంది, ఒకటి స్వామి వైపు, ఇంకొకటి అమ్మవారి వైపు. ముందే పోగుచేసి పెట్టుకున్న పిడకలను ఒకరి మీద ఒకరు విసురుకుంటారు. దుమ్ములో ఎవరికి ఎక్కడ తగులుతుందో తెలియదు, ఏటా తలలు పగులుతాయి. దెబ్బ తగిలినవాళ్ళు గుడికి పోయి విభూతి పూసుకుంటారు. ఆ తర్వాత పెద్దల పంచాయితీ, రాజీ, చివరికి దేవుడికీ దేవతకూ కల్యాణం. ఎవరు గెలిచారని అక్కడ ఎవరినైనా అడిగి చూడండి, ప్రశ్న అర్థం కానట్టు చూస్తారు. కొట్టుకున్న రెండు పక్షాలూ ఇప్పుడు వియ్యాలవారు.

దీన్ని ఆదర్శంగా చూపాలని నా ఉద్దేశం కాదు. దేవరగట్టులో దసరా రాత్రి మాళ మల్లేశ్వరస్వామి ఉత్సవమూర్తుల కోసం నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్ళు ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు ఇంకోవైపు కర్రలతో తలపడతారు. ప్రాణాలు పోయిన ఏళ్ళు ఉన్నాయి, పోలీసులు ఎన్ని రకాలుగా ఆపాలని చూసినా ఆగలేదు. ఆచారమైనంత మాత్రాన రక్తం తీపి కాదు. అయినా ముగింపు ఏమిటో అందరికీ ముందే తెలుసు. దేవుడు కొండకు తిరిగి చేరతాడు, రాబోయే ఏడాది ఎలా ఉంటుందో పూజారి కార్ణికం చెప్తాడు, అందరూ వింటారు. దేవుడు ఓడిపోవడం అన్నది ఆ కథలో లేదు.

క్రికెట్ దేవుడు ఓడిపోతాడు. ఈ ఒక్క విషయమే ఆటను మతానికి దూరం చేస్తుంది. ఓటమిని ఏం చేసుకోవాలో చెప్పే ఆచారం ఆటకు లేదు. గుళ్ళో మొక్కు తీరకపోతే భక్తుడికి సమాధానాలు సిద్ధంగా ఉంటాయి: కర్మ, పరీక్ష, నా భక్తిలోనే లోపం. అభిమానికి అలాంటివి లేవు కాబట్టి మనిషిని వెతుకుతాడు. 1996 మార్చి 13న ఈడెన్ గార్డెన్స్‌లో శ్రీలంకతో సెమీఫైనల్ ఓడిపోతున్నామని తెలిసి జనం సీసాలు విసిరారు, సీట్లు తగలబెట్టారు. మ్యాచ్ రెఫరీ ఆట ఆపేసి శ్రీలంక గెలిచిందని ప్రకటించాల్సి వచ్చింది. 2007 ప్రపంచకప్పులో బంగ్లాదేశ్ చేతిలో ఓడినప్పుడు రాంచీలో కడుతున్న ధోనీ ఇంటి మీద పడ్డారు. 2021 అక్టోబరులో పాకిస్తాన్ చేతిలో ఓడాక నింద మహమ్మద్ షమీ మీద పడింది, ఆయన ఏ మతంవాడో చూసి మరీ తిట్టారు. ఆట మతానికి ప్రత్యామ్నాయం అయితే, ఓడిన రాత్రి పాత మతమే బయటికి రావడమేమిటి?

సినిమా అభిమానం ఈ విషయంలో గడుసుది. కటౌటుకు పాలాభిషేకం, తెల్లవారుజాము బెనిఫిట్ షో, పూలదండలు, ఇదంతా క్రికెట్ కంటే పూజకే దగ్గర. హీరో తెర మీద ఓడిపోడు కూడా, మహిషాసురుడు ఏ దసరాకూ గెలవనట్టే. కాకపోతే మనవాళ్ళు ఊరుకోకుండా కలెక్షన్ల లెక్కలు తీసి అక్కడా స్కోరుబోర్డు పెట్టుకున్నారు.

మతానికి దుర్ఖైమ్ చెప్పిన చివరి షరతు, కట్టుబాటు గల సమూహం, ఇంకా మిగిలి ఉంది. ఇది అన్నిటికంటే కష్టమైన పరీక్ష. మన ఇళ్ళల్లో దేవుళ్ళు రెండు రకాలు. కులదైవం పుట్టుకతో వస్తాడు, నచ్చినా నచ్చకపోయినా పిల్లాడి పుట్టెంట్రుకలు అక్కడే తీయించాలి. ఇష్టదైవాన్ని మనమే ఎంచుకుంటాం. అనంతపురం జిల్లాలో కుల్లాయప్ప, కుల్లాయమ్మ, ఓబులేసు, కదిరప్ప అనే పేర్లు వింటే ఆ ఇంటివాళ్ళు ఏ దేవుడి మనుషులో తెలిసిపోతుంది. 90ల చివర్లో పుట్టినవాళ్ళలో సచిన్‌లూ కనిపిస్తారు, అది నిజమే. కానీ ఐపీఎల్ జట్టు ఇష్టదైవమే. ఆంధ్రప్రదేశ్‌కు ఐపీఎల్‌లో జట్టు లేదు. మన కుర్రాడు దగ్గరని బెంగళూరును, ధోనీ కోసమని చెన్నైని, తెలుగు అని హైదరాబాదును పట్టుకుంటాడు. ఒకే ఇంట్లో అన్న ఒక జట్టు, తమ్ముడు ఇంకో జట్టు. వేలంలో ఆటగాడు మారితే అభిమానమూ మూటాముల్లె సర్దుకుంటుంది. ఇందులో తప్పేమీ లేదు, ఎవరి ఇష్టం వాళ్ళది. అయితే ఇష్టదైవం కట్టుబాటు అడగడు.

ఆట కులదైవంగా మారితే ఎలా ఉంటుందో లివర్‌పూల్‌లో చూడొచ్చు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిసలాట లివర్‌పూల్ అభిమానులను బలి తీసుకుంది, మృతుల సంఖ్య చివరికి 97కు చేరింది. జనం ఆన్‌ఫీల్డ్ మైదానమంతా పూలు, మఫ్లర్లు పరిచారు. తప్పు అభిమానులదేనని రాసిన ‘ది సన్’ పత్రికను ఆ నగరంలో చాలామంది ఇప్పటికీ కొనరు. అవి అక్రమ మరణాలేనని 2016లో జ్యూరీ తేల్చేదాకా, 27 ఏళ్ళు, ఆ కుటుంబాలు పోరాడాయి, అభిమానులు వెంట నిలిచారు. తాత నుంచి మనవడికి వచ్చే జట్టు, ఊరి పేరే జట్టు పేరు. అక్కడ ఆటను మతం అంటే నేను కాదనను.

మన వైపు డబ్బు లెక్కే ముందుంటుంది. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. హుండీలో వేసింది ఎవరికి పోతుందన్న ప్రశ్న గుడి దగ్గర అడగొచ్చు, ఆలయ కమిటీని నిలదీయొచ్చు. ఇక్కడ అడగడానికి కమిటీ లేదు. బెట్టింగు మరీ ఘోరం. సీజన్ వచ్చిందంటే మన జిల్లాల్లో పోలీసు కేసులు, అప్పులు, పొలం అమ్మకాలు. మొక్కులో పని అయ్యాకే చెల్లిస్తాం, కానిదానికి దేవుడు వడ్డీ అడగడు. బుకీ అలా ఊరుకోడు.

ఆటకు ఒక మంచి పేరు ఇవ్వాల్సిన చోటు ఉంది. అది ప్రవేశం. గుడి తలుపు అందరికీ ఒకేలా తెరుచుకోలేదన్నది తెలిసిన చరిత్రే. క్రికెట్ కూడా మొదట్లో అంతే. బొంబాయిలో ఒకప్పుడు జట్లే మతాల వారీగా ఉండేవి: యూరోపియన్లు, పార్సీలు, హిందువులు, ముస్లింలు, 1937 నుంచి ‘మిగతావాళ్ళు’. గాంధీ 1940లో దీన్ని వ్యతిరేకించారు, 1946తో ఆగిపోయింది. హిందువుల జట్టులో గొప్ప స్పిన్నర్ పల్వంకర్ బాలూ దళితుడు. పూనాలో ఆయనకు టీ బయటే, వేరే మట్టి కప్పులో ఇచ్చేవాళ్ళు. ఎంత ఆడినా ఆయనకు కెప్టెన్సీ దక్కలేదు. 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కింది. గుళ్ళోకి రానివ్వనివాళ్ళే, వికెట్లు కావాలి కాబట్టి మైదానంలోకి రానిచ్చారు. స్కోరుబోర్డు చేసిన మేలు అది, దాన్ని చిన్నదనలేను.

ఆడవాళ్ళ సంగతీ అంతే. దేవరగట్టులో కర్ర పట్టేది మగవాళ్ళు, బండలాగుడులో పగ్గం పట్టేది మగవాళ్ళు. తిరునాలలో ఆడవాళ్ళ పని నైవేద్యం, వంట, పిల్లలు తప్పిపోకుండా చూసుకోవడం. కడప జిల్లా నుంచి వచ్చిన స్పిన్నర్ శ్రీచరణి, రాయలసీమ థర్మల్ ప్లాంటు ఉద్యోగి కూతురు, 2025 ప్రపంచకప్పులో 14 వికెట్లు తీసింది. నవంబరు 2న ఫైనల్లో భారత్ దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించింది. ఆ రాత్రి టీవీల ముందు అరిచినవాళ్ళలో ఆడపిల్లలు ఎంతమందో సీమ ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకు తెలుసు.

పాకిస్తాన్ జట్టు మన దేశంలో ఆడటానికి రాదు కాబట్టి, అది ఫైనల్‌కు చేరితే మ్యాచ్ కొలంబోలో. చేరకపోతే అనంతపురానికి రెండు వందల పైచిలుకు కిలోమీటర్ల దూరంలోని బెంగళూరు చిన్నస్వామి స్టేడియంలో జరగాల్సింది. పాకిస్తాన్ రాలేదు. కానీ అంతకు అయిదు నెలల ముందు, జూన్ 4న, బెంగళూరు జట్టు తొలిసారి ఐపీఎల్ గెలిచిన సంబరాల్లో ఆ స్టేడియం గేట్ల దగ్గర తొక్కిసలాట జరిగి 11 మంది చనిపోయారు. దాంతో ప్రపంచకప్పు మ్యాచ్‌లన్నీ అక్కడి నుంచి తీసేశారు. శ్రీచరణి ఫైనల్ నవీ ముంబైలో ఆడింది.